విడిభాగం వచ్చేదాకా పంట ఆగదు

రబీలో మొక్కజొన్న వేసిన ఎచ్చెర్ల రైతుకు జల్లు, పీచు తీసే రోజులే అసలు పరీక్ష. అప్పుడు నేల ఎండితే కండెలో గింజ కట్టదు. తరువాత ఎన్ని తడులిచ్చినా పోయిన గింజ తిరిగి రాదు. ఆయిల్ ఇంజిన్ కూడా ఆ రోజుల్లోనే మొరాయిస్తుంది. అది దురదృష్టం కాదు. ఏడాదంతా పాకలో మూలనున్న ఇంజిన్‌ను రోజుకు పది గంటలు తిప్పేది అప్పుడే కనుక అరిగిన ముక్క అప్పుడే విరుగుతుంది.

విరిగేది చాలాసార్లు చిన్న ముక్కే. బుష్షు, ఆయిల్ సీల్, కప్లింగ్ రబ్బరు, ఫుట్‌వాల్వు రెక్క, పంపు షాఫ్టు. డీలరు దగ్గరికి వెళ్తే ‘ఆర్డరు పెట్టాలి, వారం పడుతుంది’ అంటారు. లేదా ‘ఆ మోడల్ ఆగిపోయింది, కొత్తది తీసుకోండి’ అంటారు. లేత్ షాపుకు వెళ్తే మేస్త్రి పాత ముక్కను చేతిలో తిప్పి చూసి ‘సాయంత్రం రండి’ అంటాడు. మనం లేత్ షాపుకే వెళ్తాం. వెళ్ళక ఏం చేస్తాం? వారం ఆగే ఓపిక మనకున్నా పంటకు లేదు.

ఇలా చేయించుకున్న ముక్కకు పెద్దమనుషులు పెట్టిన పేరు ‘నాటు సామాను’. ఆ మాటలో కొంత ఎగతాళి, కొంత బెదిరింపు ఉన్నాయి. దీనిపై మన సంఘం మాట స్పష్టంగా ఉండాలి. ఇంజిన్ విడిభాగాన్ని మన ఊళ్ళో, మన చేతుల్తో, తక్కువ ఖర్చుతో చేసుకోవడం తప్పు కాదు, అది సేద్యంలో భాగం. అయితే ఏ ముక్క చేసుకోవచ్చో, ఏ ముక్క దగ్గర చేయి ఆపాలో మనకు తెలిసుండాలి. ఆ హద్దును డీలరు గీయకూడదు, మన అవసరమూ గీయకూడదు. తెలివితో మనమే గీసుకోవాలి.

ఈ ఇంజిన్ ఎవరిది?

వ్యవసాయానికి తొమ్మిది గంటల ఉచిత కరెంటు ఉండగా ఆయిల్ ఇంజిన్ గొడవ ఇంకా ఎందుకని కొందరు అడుగుతున్నారు. ఉచిత కరెంటు సర్వీసు ఉన్నవాడికి వస్తుంది. సర్వీసు బోరుకు, బోరు భూమికి, భూమి పట్టాకు ముడిపడి ఉన్నాయి. కౌలు రైతు పేరున సర్వీసు రాదు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు తెచ్చుకోవాలన్నా భూ యజమాని ఒప్పుకోవాలి. కాబట్టి ఈ ఏడు ఈ చెక్క, వచ్చే ఏడు మరో చెక్క చేసే కౌలుదారుకు తనతో పాటు మోసుకుపోగల నీటి వనరు ఒక్కటే. అది చిన్న ఇంజిన్.

కాలువ శివారు రైతు సంగతీ అంతే. నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట కాలువల నీరు మన మండలానికి వచ్చేసరికి పై మదుముల దగ్గరే చాలా భాగం అయిపోతుంది. శివారు మడికి నీరెక్కాలంటే గెడ్డలోంచో, చెరువు గుంటలోంచో తోడుకోవాల్సిందే. ఆ పని చేసేది అద్దెకు తెచ్చిన ఇంజినో, నలుగురు కలిసి కొన్న ఇంజినో.

ఇక తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. స్తంభాలు పడిపోయి ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు తాగునీరు తోడింది చిన్న ఇంజిన్లే. ఉద్దానంలో పడిపోయిన కొబ్బరి, జీడి చెట్లను కోసి దారులు తెరిచినవి చిన్న రంపపు ఇంజిన్లే. బుడగట్లపాలెం తీరంలో వేటకు పోయే తెప్పకూ ఇంజినే ఆధారం. అంటే పట్టా లేనివాడికి, శివారు వాడికి, కరెంటు పోయిన ఊరికి, వేటకు పోయేవాడికి ఆసరా ఇదే. అది ఆగితే ముందుగా ఆగిపోయేది వీళ్ళ బతుకే.

మరమ్మతు షాపులే ఫ్యాక్టరీలయ్యాయి

‘నాటు’ అని చిన్నచూపు చూసేవాళ్ళు చరిత్ర కొంచెం తెలుసుకోవాలి. మన పెద్దలు వాడిన బరువైన, నెమ్మదిగా తిరిగే డీజిల్ ఇంజిన్‌కు మూలం ఇంగ్లండులోని లిస్టర్ కంపెనీ. అక్కడ దాని తయారీ 1987లో ఆగిపోయింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే గుజరాత్‌లోని రాజ్‌కోట్ చిన్న వర్క్‌షాపులు ఆ ఇంజిన్‌ను విప్పి, కొలిచి, ముక్క ముక్కగా పోతపోసి, తిప్పి తమదిగా చేసుకున్నాయి. ఇంగ్లండులో ఆగిన ఇంజిన్ రాజ్‌కోట్‌లో ఆగలేదు.

పంపులకు పేరొందిన కోయంబత్తూరు కథా ఇలాంటిదే. తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక మోటారు సైకిలు కొని, దాన్ని విప్పి మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నాడు. మన దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటార్ల తయారీలో ఆయన పేరు నిలిచింది. బంగ్లాదేశ్‌లో 1980ల చివర చవక చైనా డీజిల్ ఇంజిన్లు దిగుమతై వరి పొలాల్లోకి వచ్చాయి. వాటి వెనుకే బొగురా పట్టణంలో పోత కొలుములు, లేత్ షాపులు విస్తరించి పంపులు, విడిభాగాలు తయారు చేయసాగాయి. ఇవాళ అక్కడి రైతు చిన్న ముక్క కోసం చైనా వైపు చూడనక్కర లేదు.

ఈ మూడు చోట్లా మొదలు ఒకటే. విరిగిన ముక్కను పారేయకుండా కొలిచి చూసినవాడితోనే అంతా మొదలైంది. మన లేత్ మేస్త్రీలూ ఆ కోవకు చెందినవాళ్ళే. తేడా ఏమిటంటే అక్కడ వాళ్ళ వెనుక ఒక ఊరు, ఒక బజారు నిలబడ్డాయి. ఇక్కడ మన మేస్త్రి ఒంటరిగా మిగిలిపోయాడు.

ఏవి చేసుకోవచ్చు

మొదట ఒక మాట. అన్నిటికంటే చవకైన విడిభాగం లేత్ మీద తయారయ్యేది కాదు, నంబరు తెలుసుకుని కొనేది. బేరింగు అంచు మీద చెక్కిన నంబరు చదవండి. 6203 అంటే లోపలి రంధ్రం 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. 6204 అంటే 20, 47, 14. ఏ కంపెనీ చేసినా కొలత ఇదే. ఇంజిన్ కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మినా, బేరింగుల షాపులో విడిగా అమ్మినా కొలత మారదు. వేగానికి, వేడికి తగ్గ రకమో కాదో మాత్రం అడిగి చూసుకోవాలి. ఆయిల్ సీల్‌కూ లోపలి కొలత, బయటి కొలత, మందం ఉంటాయి. బెల్టుకూ నంబరు ఉంటుంది. ఇవి తెలియకే చాలామంది ‘కంపెనీ సామాను’ అంటూ ఎక్కువ ధర పెడుతున్నారు.

ఇక మన ఊళ్ళో చేయించుకోగలిగినవి.

పంపు షాఫ్టు, గన్‌మెటల్ బుష్షు: లేత్ మీద బాగా వచ్చే పని. కానీ అరిగిన బుష్షును మాత్రమే తీసుకెళ్ళి ‘ఇలాంటిదే’ అంటే, అరిగిన కొలతతోనే మరొకటి వస్తుంది. షాఫ్టునూ, బుష్షు కూర్చునే గూటినీ రెండిటినీ తీసుకెళ్ళాలి. నూనె రంధ్రం, నూనె గాడి పాతదానిలో ఎక్కడున్నాయో అక్కడే పెట్టించాలి. అవి మరిచిపోతే ఎంత మంచి లోహమైనా వేడెక్కి పట్టేస్తుంది.

ప్యాకింగులు: పంపు మూతకు, ఆయిల్ చాంబరు పక్క మూతకు ప్యాకింగ్ షీటు కత్తిరించుకోవచ్చు. పాతదాని మందం కొలిచి అదే మందం వాడాలి. కొన్ని మూతల దగ్గర ఆ మందమే షాఫ్టు ఎంత కదలాలో నిర్ణయిస్తుంది. ఆకారం పడటానికి మూత అంచున సుత్తితో కొట్టే అలవాటు మానాలి. అల్యూమినియం అంచు చిట్లుతుంది. అంచుకు కాస్త గ్రీజు రాసి షీటును అద్దితే అచ్చు పడుతుంది. ఇంకో జాగ్రత్త. పాత రకం షీట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుంది. ఆస్బెస్టాస్ లేని షీటే అడిగి కొనాలి. పాత ప్యాకింగును ఎండుగా గీకకుండా నూనెతో తడిపి తీయాలి.

ఫుట్‌వాల్వు: రెక్కకు తోలో, రబ్బరో వేసుకోవచ్చు. రెక్క సరిగా మూసుకోకపోతే పంపులో నీరు దిగిపోయి ప్రతిసారీ పోయాల్సి వస్తుంది. కానీ దారి ఇరుకైన ఫుట్‌వాల్వు రోజూ డీజిల్ తాగుతుంది. జల్లెడ రంధ్రాలు చిన్నవైనా, పీల్చే పైపు సన్నదైనా ఇంజిన్ నీటిని కాదు, రాపిడిని లాగుతుంది. తక్కువ రాపిడి ఫుట్‌వాల్వు, వెడల్పు పైపు వాడి డీజిల్ పొదుపు చేయమని పెట్రోలియం పొదుపు పరిశోధన సంస్థ పీసీఆర్ఏ ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. వ్యవసాయ పంపుల ఫుట్‌వాల్వుకు ఐఎస్ 10805 అనే ప్రమాణం కూడా ఉంది. రెక్క మనం వేసుకుందాం. కొత్తది కొనేటప్పుడు మాత్రం ఆ నంబరు చూసి కొందాం.

కప్లింగ్ రబ్బర్లు: పాత టైరు నుంచి కోసుకోవచ్చు. అన్నీ ఒకే మందం, ఒకే బరువు ఉండాలి. ఒకటి లావు, ఒకటి సన్నం అయితే అదురు పుట్టి పంపు బేరింగును తినేస్తుంది.

పుల్లీ: నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌కు పోత పుల్లీ చేయించుకోవచ్చు. కొలత మార్చేముందు లెక్క చూసుకోవాలి. ఇంజిన్ పుల్లీ పది శాతం పెద్దదైతే పంపు వేగం పది శాతమే పెరుగుతుంది, కానీ దాన్ని తిప్పడానికి కావాల్సిన శక్తి మూడో వంతు పెరుగుతుంది. నీళ్ళు ఎక్కువ పడుతున్నాయని సంతోషించేలోగా ఇంజిన్ పొగ కక్కుతుంది.

పవర్ టిల్లర్ కత్తులు: లారీ కమాను పట్టీతో కమ్మరి చేయగలడు. ఇంటి ఇనుప చువ్వతో చేయకూడదు. అన్ని కత్తులూ ఒకే బరువుకు తూయాలి.

వీటితో పాటు సైలెన్సర్ గొట్టం, పిడి, స్టాండు, తోపుడు చక్రాలు, స్టార్టింగ్ తాడు. ఇవన్నీ మన చేతిలోని పనులే.

ఎక్కడ ఆగాలి

తాతల కాలం ఇంజిన్‌కు ఏ ముక్క వేసినా ఆడింది, ఇప్పుడెందుకు ఆడదని అడిగేవాళ్ళున్నారు. జవాబు వేగంలో ఉంది. పాత లిస్టర్ రకం ఇంజిన్ నిమిషానికి 600, 650 చుట్లు తిరుగుతుంది. ఇప్పటి చిన్న పెట్రోల్ ఇంజిన్ 3,000 నుంచి 3,600 చుట్లు తిరుగుతుంది. తిరిగే ముక్క మీద పడే లాగుడు వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. 650 చుట్ల ఇంజిన్‌తో పోల్చితే 3,600 చుట్ల ఇంజిన్‌లో అదే కొలత ముక్క మీద లాగుడు సుమారు ముప్పై రెట్లు. నాటు పనిని పాత ఇంజిన్ భరించినట్టు కొత్త ఇంజిన్ భరించలేదు. మేస్త్రి పనితనం తగ్గలేదు, పని స్వభావమే మారింది.

కాబట్టి వీటి దగ్గర చేయి ఆపాలి.

పిస్టను, రింగులు, కనెక్టింగ్ రాడ్డు బోల్టులు. వేడికి అల్యూమినియం పోత ఇనుముకు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే పిస్టనుకు సిలికాన్ పాలు ఎక్కువున్న ప్రత్యేక మిశ్రమం వాడి, లెక్కగట్టి ఖాళీ వదులుతారు. గిన్నెలు కరిగించి పోసిన పిస్టను చల్లగా ఉన్నప్పుడు సరిపోతుంది, వేడెక్కాక సిలిండరులో ఇరుక్కుంటుంది. కనెక్టింగ్ రాడ్డుకు బజారు బోల్టు వేస్తే, అది తెగిన రోజున రాడ్డు ఇంజిన్ గోడ పగలగొట్టుకుని బయటికి వస్తుంది.

డీజిల్ నాజిల్, ప్లంజరు. ఇందులో ముక్కల మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. లేత్ మీద అది సాధ్యం కాదు. నాజిల్ పరీక్షించేటప్పుడు ఆ చిమ్ముడుకు చేయి అడ్డం పెట్టకూడదు. అది చర్మం చీల్చి ఒంట్లోకి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గడ్డి కోసే యంత్రం బ్లేడు. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. వెల్డింగు చేసిన పన్ను ఊడితే అది తూటాతో సమానం. రంపపు పళ్ళను అతికించడం, బ్లేడుకు చువ్వలు వెల్డు చేయడం ఎవరు అడిగినా మన మేస్త్రి ఒప్పుకోకూడదు. కవచం తీసేసి వాడటం కూడా అంతే ప్రమాదం.

పెట్రోల్ ట్యాంకు. నీళ్ళ సీసాకు గొట్టం తగిలించి వేడి సైలెన్సరు పక్కన వేలాడదీయడం మనం ఎన్నో చోట్ల చూస్తున్నాం. అది ఆదా కాదు. ఒళ్ళు కాలితే పడే ఖర్చుకు, బాధకు ఏ ట్యాంకు ధరా సాటి రాదు.

పగిలిన ఫ్లైవీలు. వెల్డింగుతో అతికిన పోత ఇనుప ఫ్లైవీలును మళ్ళీ తిప్పవద్దు. పక్కన పిల్లలు ఆడుకునే చోట అసలే వద్దు.

గుర్తు పెట్టుకోవడానికి ఒక సూత్రం. ముక్క విరిగితే నీళ్ళు ఆగుతాయా, మనిషి పడిపోతాడా? నీళ్ళు ఆగేదయితే మనం చేసుకుందాం. మనిషి పడిపోయేదయితే కొనుక్కుందాం. కొనలేకపోతే నలుగురం కలిసి కొందాం.

నాటు వేరు, నకిలీ వేరు

డీలర్లు ఈ రెండింటినీ కావాలనే కలిపి మాట్లాడుతున్నారు. కంపెనీ పేరు, గుర్తు అచ్చుకొట్టి, అదే రంగు డబ్బాలో పెట్టి అమ్మేది నకిలీ. అది నేరం. దాని వల్ల మొదట మోసపోయేదీ రైతే, ఎందుకంటే అసలు ధర కట్టి నాసి సరుకు తెచ్చుకుంటాడు. మన మేస్త్రి చేసింది అలాంటిది కాదు. ఎవరు చేశారో, దేనితో చేశారో, ఎంత తీసుకున్నారో అంతా మన కళ్ళ ముందే ఉంటుంది. పాడైతే అడగడానికి మనిషి ఉన్నాడు. నకిలీని పట్టుకోమని మనమే అధికారులను అడగాలి. ఆ పేరుతో లేత్ షాపు మీదికి వస్తే మాత్రం అడ్డు నిలవాలి.

వారంటీ ఉన్న యంత్రం సంగతి వేరు. దాన్ని విప్పే ముందు డీలరు దగ్గర విడిభాగం ఎన్ని రోజుల్లో ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఇవ్వలేమన్న మాట కాగితం మీద ఉంటే రేపు వాదించడానికి ఆధారం ఉంటుంది.

ఇంజిన్‌కు ఐదు, పిస్టనుకు పద్దెనిమిది

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త జీఎస్టీ రేట్లు వచ్చాయి. 15 హెచ్.పి. లోపు స్థిర వేగ డీజిల్ ఇంజిన్‌పై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు మీదా, ట్రాక్టరు విడిభాగాలు చాలావాటి మీదా 5 శాతానికి దిగింది. మంచిదే, ఆహ్వానిద్దాం. కానీ ఇంజిన్ లోపలి విడిభాగాల పద్దు వేరుగా ఉంది. అది 28 నుంచి 18 శాతానికి మాత్రమే తగ్గింది. అంటే కొత్త ఇంజిన్ కొంటే వందకు ఐదు, ఉన్న ఇంజిన్‌కు పిస్టను కొంటే వందకు పద్దెనిమిది. ఉన్నదాన్ని బాగుచేసుకుని వాడుకునేవాడి మీద, అంటే పేదవాడి మీద, మూడు రెట్లకు పైగా పన్ను శాతం వేయడం ఏ న్యాయం? ట్రాక్టరు విడిభాగానికి ఇచ్చిన తగ్గింపు చిన్న ఇంజిన్ విడిభాగానికి ఎందుకివ్వరు? ట్రాక్టరున్న రైతు రైతే, భుజాన ఇంజిన్ మోసుకెళ్ళే కౌలుదారూ రైతే.

రాయితీ యంత్రాల తీరు కూడా ఇలాగే ఉంది. వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ 2014–15 నుంచి నడుస్తోంది. యంత్రం కొనడానికి రాయితీ ఉంది. కొన్న యంత్రం మూడో ఏడు ఆగిపోతే దాన్ని నడిపించే బాధ్యత ఎవరిదో తేలదు. యంత్రాల శిక్షణకు, పరీక్షకు కేంద్ర ప్రభుత్వ సంస్థ మన రాష్ట్రంలో ఉంది, కానీ అది అనంతపురం జిల్లా గార్లదిన్నెలో. రాష్ట్రానికి ఈ చివరనున్న మనకు అది ఉన్నా లేనట్టే.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. అందులో కమ్మరి ఉన్నాడు. 15,000 రూపాయల పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీకి అప్పు ఉన్నాయి. లేత్ మేస్త్రి, ఇంజిన్ మెకానిక్కు మాత్రం ఆ జాబితాలో లేరు. కొలిమి దగ్గర నాగలి కర్రు చేసినవాడు విశ్వకర్మ అయినప్పుడు, లేత్ మీద పంపు షాఫ్టు తిప్పినవాడు ఎందుకు కాడు?

మరమ్మతు హక్కు

ఇది మన ఒక్కరి గొడవ కాదు. అమెరికాలో కంప్యూటరు తాళం వేసిన ట్రాక్టర్లను రైతు తానే బాగు చేసుకోలేని స్థితి వచ్చింది. అక్కడి రైతులు ఏళ్ళ తరబడి పోరాడితే కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. వ్యవసాయ యంత్రాల కంపెనీలు విడిభాగాలు, పనిముట్లు, వివరాల పుస్తకాలు రైతుకూ, బయటి మెకానిక్కుకూ ఇవ్వాలన్నది ఆ చట్టం. 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జులైలో మరమ్మతు హక్కుపై ఒక కమిటీ వేసింది. మొదట తీసుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా ప్రారంభించారు. పోర్టల్‌లో కంపెనీ ఫోను నంబరు చూసుకోవచ్చు. అయితే ఫోను నంబరుతో బుష్షు తయారు కాదు. కావాల్సింది చట్టం. ముక్క కొలతలు, ధరల పట్టీ, తెలుగులో పుస్తకం ఇవ్వక తప్పని చట్టం.

మనం అడగాల్సినవి

ఒకటి. 15 హెచ్.పి. లోపు ఇంజిన్ల విడిభాగాలపై జీఎస్టీని 5 శాతానికి తగ్గించాలి.

రెండు. రాయితీపై అమ్మిన ప్రతి యంత్రానికీ విడిభాగాల బొమ్మ, నంబర్లు, ధరల పట్టీ తెలుగులో రైతు సేవా కేంద్రంలో ఉంచాలి. పదేళ్ళపాటు విడిభాగాలు ఇస్తామని ఒప్పుకున్న కంపెనీకే రాయితీ జాబితాలో చోటివ్వాలి.

మూడు. లేత్ మేస్త్రీలను, ఇంజిన్ మెకానిక్కులను వృత్తిదారుల పథకాల్లో చేర్చాలి.

నాలుగు. ఉత్తరాంధ్రకు ఒక యంత్ర పరీక్ష, శిక్షణ కేంద్రం కావాలి. స్థలం కోసం వెతకనక్కర లేదు. మన మండలంలోనే ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ ఉంది. నైరలో వ్యవసాయ కళాశాల, ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. మెకానికల్ చదివే పిల్లలకు మన విరిగిన ముక్కలకంటే మంచి పాఠం దొరకదు. ముక్క కొలిచి బొమ్మ గీసిస్తే చాలు, మిగతాది మన మేస్త్రీలు చూసుకుంటారు.

మనం చేయాల్సినవి

అడగడంతో పని అయిపోదు. మండలానికి ఒక విడిభాగాల బల్ల పెట్టుకుందాం. దానికి భవనం అక్కర లేదు. ఒప్పుకున్న ఒక లేత్ షాపులో ఒక అలమరా చాలు. అందులో కొత్తగా ఉన్నప్పుడే కొలిచి పెట్టిన నమూనా ముక్కలు, ఒక వెర్నియర్ కాలిపర్, ఒక పుస్తకం ఉండాలి. ఏ ముక్క, ఏ ఇంజిన్‌కు, ఏ లోహంతో, ఎవరు చేశారు, ఎన్ని గంటలు ఆడింది అని ఆ పుస్తకంలో రాయాలి. రెండు మూడు సీజన్లు రాస్తే ఏ ముక్క నిలబడుతుందో, ఏది నిలబడదో మన పుస్తకమే చెబుతుంది. ‘నాటు సామాను పనికిరాదు’ అనేవాడి ముందు దాన్ని తెరిచి పెట్టొచ్చు.

గన్‌మెటల్ కడ్డీ, ప్యాకింగ్ షీటు, తరచూ పోయే బేరింగులు, సీళ్ళు సంఘం పేరున ఒకేసారి కొని ఉంచుదాం. కొనుక్కోవాల్సిన ప్రమాదకరమైన ముక్కలు కూడా గ్రామ కమిటీ తరఫున ఒక జత ఉంటే, డబ్బు లేక వెల్డింగు బ్లేడు వాడే అగత్యం ఎవరికీ రాదు.

చివరిగా మేస్త్రి గురించి ఒక మాట. సీజన్లో రాత్రింబగళ్ళు పనిచేయించుకుని ‘పంట వచ్చాక ఇస్తాం’ అని అప్పు పెట్టడం మనకు అలవాటైపోయింది. మన కష్టం నిజమే. కానీ కరెంటు బిల్లు, లోహం ఖర్చు అతనికీ పంట వచ్చేదాకా ఆగవు. అతని కొడుకు లేత్ నేర్చుకోకుండా హైదరాబాదో, చెన్నయో పనికి పోతున్నాడంటే అందులో మన బాకీల పాత్ర కూడా ఉంది. ఆ షాపు మూతపడితే మళ్ళీ ఆ వారం రోజుల ఆర్డరే మనకు దిక్కు. సంఘం తరఫున ముక్కకు ఒక ధర అనుకుని, సగం ముందే ఇచ్చే పద్ధతి పెట్టుకుందాం.

వచ్చే గ్రామ కమిటీ సమావేశాలకు సభ్యులంతా మీ ఇంజిన్‌లో పోయిన పాత ముక్కను ఒకదాన్ని గుడ్డలో చుట్టి తీసుకురండి. అది ఎన్ని గంటలు ఆడిందో, దానికి ఎక్కడెక్కడ తిరిగారో, ఎంత పెట్టారో చెప్పండి. అవి రాసుకోవడంతోనే మన విడిభాగాల పుస్తకం మొదటి పేజీ మొదలవుతుంది.